పేజీకి పదిహేను

ట్రంకు రోడ్డు పక్క సందులో
మెట్ల కింద నా టైపు కొట్టు.
అద్దె ఒప్పందాలు, అఫిడవిట్లు, పెళ్లికొడుకుల బయోడేటాలు,
ఏదైనా పేజీకి పదిహేను.
చదవకుండా కొట్టడం వేళ్లకి అలవాటైపోయింది.

చెంచులక్ష్మి రూళ్ల కాయితాలు తెచ్చింది.
డిగ్రీ రెండో ఏడంట, బుచ్చి నుంచి బస్సంట.
"అన్నా, మన టౌను మీద వ్యాసాలు. నాలుగు.
సోమారానికి కావాల."
దస్తూరి చూస్తే
గాలికి పడిన వరి, అంతా ఒకే పక్కకి.

మొదటి వాక్యం దగ్గరే వేళ్లు ఆగినాయి:
"అందరూ నెల్లిచెట్టుతో మొదలుపెడతారు.
నేను అండర్‌బ్రిడ్జితో మొదలుపెడతాను."

రైలు కట్ట కింద గోడ మీద
ఏ వానకి ఎంత నీళ్లు నిలిచిందీ
మరకల్ని కింద నుంచి పైకి చదువుకుంటా పోయింది.
మోకాలి మరక. నడుం మరక.
"భుజం దాకా వచ్చిన ఒక నవంబరు."
రాజులు రాతి మీద చెక్కించుకున్నారు,
వాన ఎవర్నీ అడక్కుండా సిమెంటు మీద రాసుకుంది,
అని రాసి, అడ్డంగా గీత కొట్టి
పక్కన చిన్నగా: మరీ గొప్పగా ఉంది, వద్దు.
కొట్టేసింది కొట్టాలా వద్దా
నాకు తెలీలా.

రెండోది రోడ్డు వెడల్పు.
సగానికి కోసిన మేడ,
పైన వీధిలోకి తెరుచుకున్న వంటిల్లు,
పోపు మసి, క్యాలెండరు మేకు,
తలుపున్న చోట పెన్సిలుతో
ఎవరో పిల్లోడి ఎత్తులు, తేదీలతో సహా.
"ఏడో గీత పైన గోడ లేదు."
అక్కడ చుక్క పెట్టి పేజీ వదిలేసింది.
సగం ఖాళీ పేజీకి కూడా పదిహేనే, చెప్పినా.

మూడోదానికి
స్టోన్‌హౌస్‌పేటలో రాతిల్లు యాడుందని
రెండు పూటలు ఎండలో తిరిగింది.
ఉల్లిపాయల గోడౌను కాడ హమాలీ ఒకడు
బస్తా దించకుండానే నవ్వినాడంట,
"అది ఇల్లు కాదుమ్మే, దొర పేరు."
"ఇల్లు కనపడని దొర పేరు మీద
ఇంతమంది ఇళ్లు కట్టుకున్నారు" అని ముగించింది.
పైన లెక్చరరు ఎర్ర ఇంకు:
సింహపురి వైభవం ఎక్కడ? ఉపసంహారం ఎక్కడ?
కింద నీలం ఇంకు:
వెతుకుతున్నాను సార్.

నాలుగోది కొడతా కొడతా
నా కొట్లోకే నేను వచ్చి పడ్డా.
"మెట్ల కింద ఒక ముసలాయన.
జిరాక్సు మిషను వెలుతురు
ఆయన చొక్కా మీద అటు నుంచి ఇటు పోతుంటుంది.
ఎవరి స్థలం ఎవరిదయిందో
ఆయన వేళ్లకు తెలుసు. ఆయనకు తెలుసో లేదో."

ఎదురుగా అన్న. కాయితంలో ముసలాయన.
నా వయసు యాభై మూడు.
బ్రాకెట్లో పెడదామనుకున్నా,
పెట్టలా.

ఇరవై ఆరేళ్లుగా
ఎన్ని ఇళ్లకి హద్దులు కొట్టుంటా!
తూర్పున మునిసిపాలిటీ కాలవ, పడమర పాత ప్రహరీ.
ఆ కోసిన మేడ కాయితం కూడా
ఈ మెట్ల కిందనే పుట్టుంటాది,
ఇన్ని చదరపు గజాలు, ఇంత పరిహారం, సంతకం ఇక్కడ.
పెన్సిలు గీతలకి
ఏ ఫారంలోనూ గడి లేదు.

సోమారం వచ్చింది.
పదకొండు పేజీలు, నూట అరవై ఐదు.
నూట యాభై ఇచ్చి, మిగతాది రేపంది.
నిలబడే తిరగేసి
"కొట్టేసిన వాక్యం కూడా కొట్టినావే అన్నా!"
పొరపాటన్నా.
కాసేపు చూసింది.
"ఉండనీలే."

రాత్రి షట్టరు దించి
అండర్‌బ్రిడ్జి కింద స్కూటరు ఆపినా.
వెనక ఆటోవాడు హారను మీద హారను.
నవంబరు మరక పక్కన నిలబడి చూసుకుంటే
భుజానికి కాదు,
నాకు చెవి దాకా వచ్చింది.
ఆ పిల్ల నాకన్నా పొడుగు.
రేపు పదిహేను రూపాయలు ఇచ్చేటప్పుడు చెప్పాల,
ఎవరి భుజమో కూడా రాయమని.