బొటనవేలంత సీసా

మందులంగట్లో గొంతు దించి అడిగేవాళ్ళు
రెండు రకాలు.
మొదటి రకం సంగతి మీకు తెలుసు.
రెండో రకం మొగానికి రుమాలు కట్టుకొని వస్తారు.
పొద్దుటూరు ఎండకు అందరూ కట్టుకుంటారు గదా,
ఎవరికీ అనుమానం రాదు.

"అక్కా, పుళ్ళకి... మొగానికి..."
పేరు పలకలేక చీటీ తోస్తారు.
మూడో అరలోంచి సీసా తీస్తా, బొటనవేలంత.
వాళ్ళు సీసాను చూస్తారు,
తర్వాత నా చెంపలను.

మైదుకూరు నుంచి వచ్చిన ఒకమ్మి
దాన్ని అట్లే బల్ల మీద పెట్టేసి
"ఇది వద్దులే, ఇంకోటి ఉందా?" అనింది.
ఓబులయ్య శెట్టి ఏమీ అనలేదు.
మరుసటి దినం నుంచి నాకు వెనక గదిలో పని,
గడువు దాటిన మందులు ఏరేది.
"ఆడ ఫ్యాను ఉండాది కాశింబీ" అన్నాడు.
ఉండాది, నిజమే.

జేజి చేయనిది లేదు.
వేపాకు నూరింది, కస్తూరి పసుపు పట్టించింది,
ఎవరో చెప్పినారని టూత్‌పేస్టు పూసింది,
అది కాలిస్తే దాని మీద వెన్న.
"దిష్టే ఇది" అని చివరికి
ఎండుమిరపకాయలు తిప్పి పొయిలో వేసింది.
ఇంటిల్లిపాదీ దగ్గినాం.
మొటిమలు దగ్గలేదు.

ఏడాది పొడుగునా అమ్మిన సీసాకు
నా పేరున చీటీ లేదని
ఒక సోమవారం పెద్దాసుపత్రికి పోయినా.
టోకెన్ అరవై మూడు.
కుదవ అంగట్లో గాజును చూసినట్టు
డాక్టరమ్మ నా గదమ పట్టుకొని
వెలుతురుకు తిప్పి తిప్పి చూసింది.
ఎవరూ అంతసేపు చూడలేదు నన్ను.
"ఇది ఒక్కటే పూస్తే క్రిమి రాటుదేలుతుంది,
ఆనక దేనికీ లొంగదు.
రాత్రిపూట ఈ తెల్ల ముద్ద కూడా.
ఎనిమిది వారాలు. గిల్లొద్దు."

దూది తడిపి అద్దుతానా,
స్పిరిట్ వాసన, సూది పొడిచినంత మంట,
వెంటనే చల్లన.
మే నెలలో, రేకుల ఇంట్లో,
అంత చలువ ఇంకెక్కడా దొరకలేదు నాకు.
ఒక్క నిమిషం. ఎగిరిపోతాది.
నిప్పుకు దూరంగా ఉంచమని అట్ట మీద ఉంటే
జేజికి చదివి వినిపించినా.
"అగ్గి అంటుకునే మందా!" అని
మంచం దూరం జరుపుకునింది.

నాలుగో వారానికి
నా చెంపల కంటే ముందు దిండు గలీబు తెల్లబడింది,
నీలం గుడ్డ నిండా మబ్బులు.
జేజి సబ్బును తిట్టింది.

ఆ దినం శెట్టి అన్నానికి పోయినాడు.
రుమాలు కట్టుకున్న పిల్లోడు,
మీసం ఇంకా మొలవలేదు,
"ఇది పని చేస్తాదా అక్కా?"

వెలుతురులోకి వంగినా.
"ఇదిగో, ఇది మానింది.
ఇది మానతాంది.
ఇది నిన్న రాత్రి వచ్చింది.
చీటీ యాడ?"

లేదన్నాడు.
సీసా తిరిగి అరలో పెట్టి
ఖాళీ అట్టపెట్టె చింపి, దాని వెనక
ఓపీ గది నంబరు రాసిచ్చినా.
"పొద్దున ఏడుకే పో.
టోకెన్లు అయిపోతాయి."