పద్నాలుగో డబ్బా

శుక్రవారం సాయంత్రం దాకా నేను సర్వేయర్ని.
అన్నదమ్ముల నడుమ మూడడుగుల గట్టు కోసం
రోవర్ భుజాన మోసుకు తిరుగుతాను.
రాత్రికి రాత్రి నడిచిపోయిన హద్దురాళ్ళ సంగతి
పొద్దున్నే పంచనామాలో రాస్తాను.

శనివారం తెల్లారుజాము నాలుగున్నరకి
అవే అక్షాంశాలు, అవే రేఖాంశాలు
వేరే పని మీద బయల్దేరాయి.

ఢిల్లిబాబు పాత ఆల్టో. వెనక సీట్లో ఫర్హానా,
ఒళ్ళో బొరుగుల సంచి.
మదనపల్లెలో టీ, పీలేరులో ఇంకో టీ.
భాకరాపేట ఘాట్‌లో మంచు అద్దానికి అంటుకుని
వైపర్ని లెక్కచేయలేదు.
మలుపు మలుపుకీ హారన్ కొడుతూ
"ఎవురో ఒకరు వస్తా ఉంటార్లేబ్బా" అంటాడు ఢిల్లిబాబు.
ఎవరూ రాలేదు,
ఖాళీ ట్రేలతో తిరిగొచ్చే టమాటా లారీ తప్ప.

చంద్రగిరి కోట అవతల మామిడితోపులో
నూట ముప్పై మంది.
వేలూరు బళ్ళు, బెంగుళూరు బళ్ళు.
మెడలో అట్టముక్క, దానిమీద తనది కాని పేరు.
ఒకాయన 'గుడ్లగూబ', ఒకామె 'అరకిలో ఉప్పు'.
ఉప్పు కోర్టులో స్టెనో అని సంగటి తినేటప్పుడు తెలిసింది,
ఊరుబిండి రెండోసారి వేయించుకుంటూ తనే చెప్పింది.
గుడ్లగూబ ఏం చేస్తాడో ఇప్పటికీ తెలీదు.

స్టూలెక్కిన పెద్దమనిషి చెప్పాడు:
కోట గోడల జోలికి పోవద్దు, తేనెతుట్టెల్ని కదిలించొద్దు,
తీసినదాన్ని తీసినచోటే పెట్టండి.
ఆ చివరి మాట మా ఆఫీసు గోడ మీద
రాయించాలనిపించింది.

కొండ చుట్టూ ఇరవై డబ్బాలు.
లోపల ఒక చీటీ, పెన్సిలు ముక్క.
దొరికితే పేరు రాసి, మూతపెట్టి, మళ్ళీ దాచి రావడమే.
ఢిల్లిబాబు వాళ్ళమ్మకి నాలుగుసార్లు చెప్పాడట,
నాలుగుసార్లూ ఆమె "దాని తర్వాత?" అనే అడిగిందట.

పద్నాలుగోది దొరకలేదు.
మూడు మీటర్లు, అంటుంది ఫోను.
మూడు మీటర్లంటే నాకు తెలుసు,
రెండిళ్ళ వాళ్ళు చావుకి కూడా వెళ్ళనంత దూరం.
సీతాఫలం పొదలు, బండ సందు, ఒక తేలు.
ఫర్హానా మోచేతి దాకా చెయ్యిపెట్టి
బీడీకట్ట బయటికి తీసింది.

"ఎవురి బూమి కొలస్తాండారు సామీ?"

పైబండ మీద మేకలు, వాటి వెనక ముసలామె.
ఎవరిదీ కాదన్నాను. నమ్మలేదు.
నా మొహం మీద నా ఉద్యోగం కనబడిందేమో.
డబ్బా అనగానే నడుముకు కట్టిన సంచి విప్పింది:
"వాననీళ్ళకి కొట్టుకోని పోతాంటే ఎత్తిపెట్టినా.
పేర్లు రాసుకోనుండారే, వెతుక్కుంటా రారా మళ్ళా?"

చీటీ పొడిగా ఉంది.
నువ్వూ రాయవ్వా, అంది ఫర్హానా.
రాయను రాదంది.
నా జేబులో ఎప్పుడూ ఇంకుప్యాడ్ ఉంటుంది,
అలవాటుగా తీశాను.
ఆమె బొటనవేలు పిడికిట్లోకి ముడుచుకుంది.
"మా అరెకరా అట్లనే పోయింది సామీ."

మేకలు పొదల్లో ఆకులు తెంపుతున్న చప్పుడు.
ప్యాడ్ మూత వేలికి దొరకలేదు కాసేపు.

ఫర్హానా పెన్సిలు ఇచ్చింది.
ఆమె చాలాసేపు ఆలోచించి
రెండు కొమ్ములు గీసింది, ఒకటి వంకర.
"ఇది నా మేకే. కావాలంటే చూడండి."
నిజమే, కింద ఒకదానికి కొమ్ము వంకర.

తర్వాత మమ్మల్ని అటు తిరగమంది.
ముగ్గురం కొండకి మొహం పెట్టి నిలబడ్డాం,
ఢిల్లిబాబు అంకెలు కూడా లెక్కపెట్టాడు.
తిరిగేసరికి ఆమె చేతులు ఖాళీ.

ఆదివారం రాత్రి, మళ్ళీ ఘాట్.
ఫర్హానా నిద్రపోతోంది, జుట్టులో ముల్లుకంప.
ఢిల్లిబాబు ఫోన్లో అమ్మకి అంతా చెప్పాడు,
కొమ్ములతో సహా.
ఈసారి ఆమె "దాని తర్వాత?" అనలేదు.
"మీతో సర్వే ఆయన ఉండాడు కదరా,
ఆ అరెకరా యాడుండాదో అడగలేదా?"
స్పీకరులో నాకూ వినబడింది.

అడగలేదు.

మలుపులో హారన్ కొట్టాడు ఢిల్లిబాబు.
అటునుంచి ఇంకో హారన్.