నౌ దెన్

పదకొండు రోజుల వి.బి.ఎస్. అయిపోయింది.
గ్రిమ్స్‌బీ రేవు వెనకాల, చేపలు పొగబెట్టే వీధి చివర
చర్చి హాల్లో కుర్చీలు ఒకదానిమీదొకటి ఎక్కిస్తున్నాం.
నేలకంటిన జిగురు ఎంత గీకినా రావట్లేదు.
నోవహు ఓడ ఇక్కడే కట్టాం మరి,
అట్టపెట్టెలతో, ముప్పైమంది పిల్లలతో.
ఏనుగులు మూడొచ్చాయి.
మూడోదాన్ని దింపేయడానికి ఎవరికీ మనసొప్పలేదు.

ఈ ఊరూ మా బందరూ ఒకే ఉప్పు తిన్నాయి.
గాలి అచ్చం గిలకలదిండి గాలే.
సముద్రం మాత్రం ఇక్కడ చెప్పకుండా వెళ్ళిపోతుంది,
మైలు దూరం బురద వదిలేసి.
మళ్ళీ చెప్పకుండానే వచ్చి గుమ్మంలో నిలబడుతుంది.

మమ్మల్ని ఇక్కడికి తెచ్చింది విమానం కాదు, బియ్యం.
ఎసట్లో పోసేముందు
మా సంఘం ఆడవాళ్ళు పక్కకి తీసిన గుప్పెడు.
పూటకో గుప్పెడు, నాలుగేళ్ళు.
సంపూర్ణమ్మ గుప్పిట్లో ఎప్పుడూ నూకలే.
ఆ నూకలు కూడా టిక్కెట్టులో ఉన్నాయి.
అందుకే ఈ పిల్లల ముందు
అబద్ధమాడే హక్కు నాకు లేదు.

వ్యాను వచ్చింది. ప్రభుదాసు పెట్టెలు ఎక్కిస్తున్నాడు.
డోరీనమ్మ టీ కలిపి, కలిపి, చల్లార్చేసింది.
"నేను ఏడవను, నా కళ్ళు పొడికళ్ళు" అని
ఎవరూ అడక్కుండానే చెప్పింది.
టీగన్ నా చీర కుచ్చిళ్ళు లెక్కపెట్టి ఏడంది.
ఐదేనే అంటే ఒప్పుకోదు.
"సోమవారం ఏం కథ?" అంది.
మూడ్రోజులుగా చెబుతూనే ఉన్నాం, సోమవారం లేదని.
సోమవారం లేకపోవడమేమిటో
ఎనిమిదేళ్ళ పిల్లకి ఎలా చెప్పడం?

మా ఇళ్ళల్లో వెళ్తున్నానని ఎవరూ అనరు.
గడప దాటే మనిషి వెళ్ళొస్తానంటాడు.
చెప్పకుండా పోయేది ప్రాణం ఒక్కటే.
ఆ మాట నోటిదాకా వచ్చింది.
వెళ్ళడం బయటికొచ్చింది,
వస్తాననడం పళ్ళ వెనకే ఆగిపోయింది.
ఎలా వస్తాను? ఇంకో నాలుగేళ్ళ గుప్పిళ్ళా?
అప్పటికి టీగన్‌కి పన్నెండు.
కుచ్చిళ్ళు లెక్కపెట్టే వయసు కాదు.

"పరలోకంలో కలుద్దాం" అన్నాడు ప్రభుదాసు, గొంతు సవరించుకుని.
వెనక వరసలో ఒకడు అడిగాడు, "శనివారమా?"
నవ్వొచ్చింది. నవ్వుతో పాటే ఇంకోటీ వచ్చింది.
చెంగు అందుకోవాల్సొచ్చింది.

కోరీ కనిపించలేదు.
పదకొండు రోజులూ వాడు బల్ల కిందే కూర్చున్నాడు.
పాట పాడలేదు, కంఠతవాక్యం చెప్పలేదు.
పేరైనా వాళ్ళక్క చెబితే తెలిసింది.
రోజూ ఒక బిస్కెట్టు ప్లేటు కిందికి జరిపేదాన్ని,
రోజూ ఖాళీ ప్లేటు పైకొచ్చేది.
అంతే మా సంభాషణ.
ఒకనాడు ప్లేటులో అట్టముక్క ఒకటొచ్చింది.
తొండం కొంచెం పొట్టి. అదే మూడో ఏనుగు.

ఇంటికి పంపాల్సిన రిపోర్టులో
'మార్పు చెందినవారు' అని ఒక గడి ఉంది.
కోరీని అందులో రాయాలో వద్దో తేలక
రాత్రి పెన్ను మూసేశాను.

వ్యాను తలుపు లాగుతుంటే వచ్చాడు,
చేతులు జేబుల్లో పెట్టుకుని, నా మోకాళ్ళకేసి చూస్తూ.
"నౌ దెన్," అన్నాడు.
గొంతు నేననుకున్నదానికంటే బొంగురు.
సెలవు తీసుకుంటున్నాడనుకుని తలూపాను.
డోరీనమ్మ పొడికళ్ళు తుడుచుకుంది.

రెండు వీధులు దాటాక డ్రైవరు అన్నాడు,
అది వీడ్కోలు కాదమ్మా,
ఇక్కడ పొద్దున్నే ఎదురుపడితే అలా పలకరిస్తాం.

వెనక్కి తిరిగి చూశాను. హాలు కనపడలేదు.
రేవు గోడ పక్కనుంచి పోతున్నాం,
పడవలు బురదలో ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి.
సముద్రం ఇంట్లో లేదు.