మైనస్ నూట ఇరవై ఐదు

సొహార్‌లో పొద్దుటి డ్యూటీ.
కిటికీ అవతల రేవు గొట్టం కొసన మంట
ఎండలో పలచబడి కనబడుతోంది.

ఏడో మంచం పోశెట్టి
పొట్ట ఇంకా మూయలేదు.
నాలుగు రోజులు నొప్పి దాచాడట,
పనికి పోని రోజు జీతం కోస్తారని.
ఐదో రోజు పేగే బయటపెట్టేసింది.

పాత పొరని తడిపి, మెల్లగా ఒలిచి
లోపలి స్పాంజి ముక్కలు లెక్కపెడతాను.
మొన్న పెట్టినవి రెండు, ఇవాళ తీసినవి రెండు.
ఒకటి తగ్గిందంటే ఇక నాకు నిద్ర ఉండదు.

అంచుల్లో కొత్త కండ
ఎర్ర గోంగూర కాడ రంగులో.
డాక్టర్ బద్రియా వంగి చూసి
రెండు వేళ్ళు తగ్గిందంది.
పోశెట్టి నా మొహం చూశాడు,
ఆమె అరబ్బీ నా మొహం మీద రాసున్నట్టు.

పేగుల మీద పల్చని తెర పరిచి
పక్క ట్రేలో నల్ల స్పాంజి కోస్తుంటే
తల కొంచెం ఎత్తాడు.
"మా గంగామణి తునికాకు గిట్లనే కోస్తది సిస్టర్,
రేకు ముక్క పెట్టి.
వెయ్యి బీడీలకు గీతంత తేడా రాదు."

నాది వంకర పోయింది.
సిగ్గేసి ఇంకోటి కోశాను.

పైన గాజులాంటి పొర,
మధ్యలో రూపాయంత కన్నం, గొట్టం.
మీట నొక్కగానే స్పాంజి
ఎండు ఖర్జూరంలా ముడుచుకుపోయింది.
అతని కాలివేళ్ళు దుప్పటిని పట్టుకున్నాయి.

ఎక్కడో గాలి, సన్నటి ఈల.
తొడ మడతలో వెతికి
బొటనవేలితో అద్దాను. ఆగింది.

అప్పుడే మెట్‌పల్లి నుంచి ఫోన్.
"ఆ గురగుర ఏంది?"
"ఏసీ."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని
మా అమ్మమ్మ ఎన్నిసార్లు నా నోరు మూసిందో.
ఇక్కడ పదిహేడు రోజులుగా తెరిచే ఉంది.
కాళ్ళు శుభ్రంగా ఉన్నాయి, రోజూ నేనే తుడుస్తాను.
పడేదంతా డబ్బాలోకి పోతోంది.
కొలిచి రాస్తున్నాను:
నూట ఎనభై, ఎరుపు తగ్గింది.

డ్యూటీ దిగేముందు మళ్ళీ ఫోన్.
ఈసారి అతను ఏసీ అనలేదు.
"మిషన్" అన్నాడు.
"కడుపుకు పెట్టిన్రు."

అవతల చాట కింద పెట్టిన చప్పుడు.
తర్వాత చాలాసేపు
మిషను ఒక్కటే మాట్లాడింది.

"ఎంత పెద్దగుంది?"

అతను నా వైపు చూశాడు.
ట్రేలో మిగిలిన ఆ వంకర ముక్కని
ఫోనుకి ఎదురుగా పట్టుకున్నాను.

ఆమె కళ్ళు దగ్గరగా తెచ్చింది.
కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఎవరు కోసిన్రు?" అంది,
"అంచు సక్కగ రాలే."