తలుపు చప్పుడు

గానుగ నుంచి దిగిన దిమ్మెను
గోటితో గిల్లి నాలిక మీద పెట్టుకుంటే చాలు,
ఏ నేల చెరకో, పాకంలో సున్నం ఎంత పడిందో,
తెలుపు తేలడానికి ఏం మందు చల్లినారో
చెప్పేస్తా.
చిత్తూరు మండీలో ఇరవై రెండేండ్లు నానిన నాలిక ఇది.

బండిని నాకి చూడలేం కదా.

బెంగుళూరులో ఆ పంటి డాక్టరు
ఏమీ మాట్లాడలేదు. తలుపు తీసి, మూసినాడు.
ధప్.
రేకు చప్పుడు కాదది.
బాగా ఆరిన దిమ్మె గోనెసంచి మీదికి జారినట్టు
మెత్తగా, బరువుగా, ఒక్కసారే.
నా పాత బండి తలుపేస్తే
పక్కింట్లో పళ్లెం పడిందా అని అడిగేవాళ్లు.

జర్మనీది, పొట్టిది, తొమ్మిదేండ్లది.
కొత్తలో ముప్పై లక్షలంట, నాకు ఏడున్నర.
"కొనే రేటు సరే,
ఉంచుకునే రేటెంత?" అనింది మునిలక్ష్మి.
నేను నవ్వినా.
ఆమె నల్లట్ట పుస్తకమొకటి తీసి
పైన శ్రీ రాసి, కింద గీత కొట్టింది.

బ్యాటరీ, ఇరవై ఆరు వేలు.
మార్చినాక బండికి చెప్పాలంట, ఇది కొత్తదీ అని.
చెప్పినందుకు ఇంకో రెండు వేలు.
టైరొకటి, వేలూరులో దొరకలేదు,
చెన్నై నుంచి బస్సులో సీటు కట్టించుకోని వచ్చింది.
నీళ్ల పంపు, ప్లాస్టిక్కు.
ఆ పేజీలో మునిలక్ష్మి ప్లాస్టిక్కు అనే మాట కింద
రెండు గీతలు గీసింది.

మొగిలి ఘాట్ మూడో మలుపులో
రెండూ నాలుగూ ఆరూ మాయమైనాయి.
గేర్లు.
పసుప్పచ్చ దీపమొకటి వెలిగి
ఇంక నీ ఇష్టం అన్నట్టు చూసింది.
ఒకటి, మూడు, ఐదు,
బేసి లెక్కల మీద పలమనేరు చేరినాం.
వెనక టమాటా లారీలు హారన్లతో తిడతా వచ్చినాయి.

కంపెనీవాడు లక్షా తొంభై అన్నాడు.
మురకంబట్టు జిలానీ నలభై ఎనిమిదికి విప్పి,
కడిగి, బిగించి,
"పోతాదన్నా. ఎంతకాలమని మాత్రం అడగొద్దు" అన్నాడు.

అన్నీ రాసింది ఆమె.
ఒకటే రాయలేదు.
ఏ బండిలోనూ కన్ను మూయని మనిషి
ఓ తెల్లారుజామున కాణిపాకం దారిలో
సీటులో ఒరిగి నిద్రపోయింది.
గతుకులన్నీ కింద ఎక్కడో, వేరేవాళ్లకు జరిగినట్టు.
స్టీరింగు మీద నా చేతులు
చిన్నబిడ్డను ఎత్తుకున్నట్టు అయిపోయినాయి.
దానికి పుస్తకంలో గడి లేదు.

నగరి నుంచి ఏకాంబరం వస్తానన్నాడు, బండి చూడ్డానికి.
పన్నెండు మరమగ్గాలు, కొత్త మీసం.
ముందురోజు ఆ దీపం మళ్లీ వెలిగింది.
"ల్యాప్‌టాప్ పెట్టి ఆర్పేస్తానన్నా,
నెలదాకా రాదు" అన్నాడు జిలానీ.
తెల్లబెల్లం గుర్తొచ్చింది.
నేనెప్పుడూ అమ్మలేదని కాదు,
తెల్లగా కావాలన్నోళ్లకు తెల్లదే తూచినా.
కానీ అప్పుడు నా ఇంట్లో
ఈ పుస్తకం లేదు.

ఉండనీ, అన్నా జిలానీతో.

ఏకాంబరానికి కుర్చీ వేసి
మొదటి పేజీ నుంచీ చదివినా, పైసలతో సహా.
పంపు, టైరు, మొగిలి ఘాట్,
ఇప్పుడు వెలుగుతున్న దీపం.
వేళ్ల కణుపుల మీద లెక్కేసుకుంటా విన్నాడు.
రెండు చేతులూ నిండి మళ్లీ మొదలుపెట్టినాడు.
లేచినాడు. పోతాడనుకున్నా.
బండి దగ్గరికి పోయి
తలుపు తీసినాడు. మూసినాడు.
ధప్.
కాసేపు నిలబడి
ఇంకోసారి తీసి, మూసినాడు.

గడపలో నిలబడిన మునిలక్ష్మి
నా పక్క చూసింది, వాడి పక్క చూసింది.
పుస్తకం తీసుకోని పోయి వాడి చేతిలో పెట్టింది.
"ఇది కూడా బండితోనే, నాయనా.
సగం పేజీలు ఖాళీగానే ఉండాయి."