మధ్యలో మూసినవి

మెహర్‌మణి గారూ,
మీ రిజిస్టర్లో తిరిగిచ్చిన తేదీకి గడి ఉంది,
ఎంతవరకు చదివాడో రాసుకునే గడి లేదు.
అందుకని నోటితోనే చెబుతున్నాను.

ఆ నీలం అట్ట నవల మూడో అధ్యాయంలో వదిలేశానండి.
పేజీ పేజీకీ గోదారి పొంగుతుంది గాని
రాసినాయన చెప్పు ఒక్కసారీ బురదలో దిగబడలేదు.
మా మొగల్తూరు రేగడి కాలు పట్టుకుంటే
చెప్పు దానికిచ్చేసి కాలు తెచ్చుకోవాలి.
ఆయన హీరోయిను పట్టుచీరతో గట్టు దిగి
కుచ్చిళ్ళు తడవకుండా తిరిగొచ్చింది.

పల్చటి కవితల పుస్తకం మొదటి మేత వేసేలోపే అయిపోయింది.
పేజీకి ఆరు లైన్లు, మిగతాదంతా తెలుపు.
నా హెడ్‌లైటు వెలుక్కి ఆ తెలుపంతా పురుగులు వాలాయి.
నాలుగో కవితలో మాత్రం
ఒక ముసలామె తడిసిన పిడకతో పొయ్యి ఊదుతుంది.
కళ్ళు మండాయి నాకు.
ఆమె మొహం చూసి మిగతా పుస్తకాన్ని వదిలేశాను,
అంటే, క్షమించాననండి.

ఇరవై ఒక్క రోజుల్లో జీవితం మారుతుందన్నది కూడా తెచ్చాను.
ఇరవై ఒక్క రోజుల్లో మా చెరువులో రొయ్య
చిటికెన వేలి గోరంత అవుతుంది, అదీ మేత సరిగ్గా పడితే.
అందులో గొప్పవాళ్ళంతా తెల్లారి నాలుగింటికి లేస్తారు.
నేను నాలుగింటికే కదండీ నడుం వాల్చేది.
నా కోసం రాయలేదులే అని మూసేశాను.

ఆ లావుపాటి దాంట్లో
ఒకే ఇంటిపేరుతో పదకొండుమంది మగాళ్ళు.
రెండొందల పేజీ దాటినా
ఎవరు ఎవరికి తోడల్లుడో తేలలేదు.
అక్కడ ఎప్పటిదో నరసాపురం బస్సు టిక్కెట్టు ఉంది,
ఇంకు వెలిసిపోయి.
నాకంటే ముందు ఒకరు ఇక్కడే దిగిపోయారన్నమాట.
నేనూ దిగాను.
టిక్కెట్టు తీయలేదు, వెనక వచ్చేవాళ్ళుంటారు.

నిజం చెప్పాలంటే
కాపలాకి బాగోని పుస్తకమే మంచిదండి.
పేరాకోసారి తలెత్తనిస్తుంది.
ఎనిమిది ఏరియేటర్లూ తిరుగుతున్నాయా లేదా
చెవి తన లెక్క తను చూసుకుంటుంది.

ఇక, అట్ట లేని ఆ పుస్తకం.
పేరు కూడా చిరిగిపోయింది, మీరే దారంతో కుట్టారు.
రేడియోలు బాగుచేసే ఒకావిడ కథ.
ఏమీ జరగదు అందులో.
పోయిన మొగుడు ఏ స్టేషను వినేవాడో
ముల్లు అక్కడే ఉంచేస్తుంది,
ఆ స్టేషను మూతపడ్డాక కూడా.
రోజూ రాత్రి గిన్నెలు తోముకుని వచ్చి
చెయ్యి తుడుచుకుని
దాని పక్కన కూచుని, ఏమీ రాకపోవడం వింటుంది.
నేనూ విన్నానండి.
ఎంత బాగుందో ఆ నిశ్శబ్దం, లోతుగా, చల్లగా.
అది కరెంటు పోయి మా మోటార్లు ఆగిన నిశ్శబ్దమని
పేజీ తిప్పాక గాని తెలియలేదు.

జెనరేటరు దగ్గరికి పరిగెత్తాను.
అది అందుకునేసరికి పెద్ద చెరువు
మూలంతా తెల్లబడింది.
యాభై కౌంటుకొచ్చిన సరుకు.
పక్క గట్టు మీంచి కృపానందం టార్చి వేసి చూసి
ఏమీ అనకుండా ఆర్పేశాడు.
రాజు గారు రెండు నెలల జీతం పట్టుకున్నారు.
న్యాయమే.
ఏం చేస్తున్నావురా అంటే మాత్రం
కునుకు పట్టిందని చెప్పాను.
చదువుతున్నానంటే ఇంకో నెల పట్టుకునేవారేమో.

ఇంకా ముప్పై ఒక్క పేజీలున్నాయి.
దుప్పటి మడతలో పెట్టాను, తీయడం లేదు.
దాన్ని వదిలేసినవాటిలో రాసుకోకండి,
చదివినవాటిలోనూ వద్దు.
రోజుకింతని జరిమానా పడుతుంటే పడనివ్వండి.

ఇవాళ్టికి బాగోనిది ఒకటి చూసి ఇవ్వండి.
మరీ బాగోకపోయినా పర్లేదు, లావుగా ఉంటే చాలు.
చిన్న చెరువు పట్టుబడికి
ఇంకా నలభై రోజులుంది.