అక్షరానికి ఇంత

అక్షరానికి రెండువేల పెసోలు.
రంగు నాది, నిచ్చెన నాది,
మాట మాత్రం మీరే తెచ్చుకోవాలి.
అంతోఫగాస్తా కొండవాలు వీధుల్లో
ఇరవయ్యేళ్ళుగా నా బేరం ఇదే.

నోఎలియా కొట్టుకి మాట కుదరలేదు.

కొట్టంటే ఎంతని,
ఇంటి ముందుగదికి కోసిన కిటికీ, దానికో ఇనప చట్రం,
విడిగా గుడ్లు, తూకానికి బియ్యం,
పొద్దుగూకేదాకా మిగిలితే రొట్టె సగం ధర.

"పుల్పెరియా అని రాయి" అంది.
హోండురాస్‌లో, వాళ్ళ ఒలాంచోలో,
పొయ్యి మీద కూర ఉడుకుతుంటే
ఉప్పు కోసం పిల్లలు పరిగెత్తేది అక్కడికేనట.
ఎనిమిది అక్షరాలు. మనసులో కూడుకున్నాను.

మొగుడు విల్మెర్ది పెరూ.
"బొదేగా అంటే పోలా? ఆరుతో సరిపోతుంది."
ఎదురుగా టైర్లకి అతుకులేసే అర్జెంటీనా వాడు
చేతులు తుడుచుకోకుండానే వచ్చాడు:
"మా వైపు బొదేగా అంటే ద్రాక్షసారా పీపాలుండాలి.
ఏదీ, ఒక్కటి చూపించు!"

ఇంతలో నీళ్ళడబ్బా కోసం వచ్చింది ఎర్సీలియా ముసలమ్మ.
పుల్పెరియా అని చెవిన పడగానే
ఎత్తుకున్న డబ్బా కింద పెట్టేసింది.

"మా తాత ఎడారిలో నైట్రేటు తవ్వాడు.
కూలికి డబ్బు కాదు, బిళ్ళలిచ్చేవాళ్ళు.
బిళ్ళలు చెల్లేది ఒక్క కంపెనీ పుల్పెరియాలోనే.
పిండి వాళ్ళది, తక్కెడ వాళ్ళది,
తక్కెడ మీద నొక్కే బొటనవేలూ వాళ్ళదే.
తాత పోయాడు, పద్దు పోలేదు.
ఆ మాట నా గుమ్మానికి ఎదురుగా వేలాడొద్దు, పిల్లా."

ఎవరూ మాట్లాడలేదు. గాలికి దుమ్ము లేచింది.

నాకు పని నేర్పిన ముసలాయన అనేవాడు,
ఆ మాట కడుపులో ఆక్టోపస్ ఉందని,
ఎనిమిదక్షరాలూ ఎనిమిది చేతులని.
నిజమో కాదో, ఆయన అన్నీ అలాగే చెప్పేవాడు.
నేను నిచ్చెన మీద కూర్చుని చూస్తున్నాను.
ఒకే మాట.
ఒకావిడకి ఉప్పు,
ఒకావిడకి అప్పు.

"అయితే ఇక్కడేమంటారో అదే రాయి"
అంది చివరికి నోఎలియా, నా వైపు చూడకుండా.

అల్మసేన్.
ఏడక్షరాలు, నీలం మీద పసుపు.
ఎవరికీ గుచ్చుకోదు.
ఎవరికీ ఏదీ గుర్తు చెయ్యదు కూడా.
చివరి నుంచి రెండో అక్షరం నెత్తిన ఒక గీతుండాలి.
దానికి డబ్బు తీసుకోలేదు, కొసరనుకోమన్నాను.

ఎర్సీలియా డబ్బా ఎత్తుకుంది.
జేబులు తడుముకుని, "రేపిస్తా, రాసుకో" అంది.
నోఎలియా పుస్తకం మీద చెయ్యి వేసింది.
తెరవలేదు.

రంగు ఆరకుండానే దుమ్ము అంటుకుంది, ఎప్పుడూ ఉండేదే.
నిచ్చెన మడుస్తుంటే
లోపల ఫోనులో చెల్లెలితో మాట్లాడుతోంది:

"ఆఁ, పుల్పెరియా తెరిచాం.
బాగానే ఉంది.
ఉల్లిపాయలే, ఇక్కడివి
మరీ ఘాటు."